సబు రైజువా మ్యాప్: పాత కుపాంగ్ లెక్కల్లోంచి ఊళ్లను విడదీయడం ఎలా?

ఇండోనేషియా తూర్పు నుసా తెంగ్గారాలోని సబు రైజువా జిల్లాకు 2000, 2010 జనాభాలను పోల్చే మ్యాప్ క్యూజిఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. సబు, రైజువా, మనుషులుండని దానా దీవులు కలిసి మన మండలాల్లాంటి ఆరు కెచమాతాన్‌లు, కేంద్రం సెబా. 2008లో 52వ చట్టంతో ఇది కుపాంగ్ జిల్లా నుంచి విడిపోయింది కాబట్టి 2000 జనగణనలో ఊళ్లన్నీ కుపాంగ్ కిందే ఉన్నాయి.

అసలు తలనొప్పి కోడ్‌లది. సబు రైజువాకు గణాంక సంస్థ, హోంశాఖ రెండూ 5320 అనే ఇచ్చాయి, బానే ఉంది. కుపాంగ్ మాత్రం గణాంక సంస్థకు 5303, హోంశాఖకు 5301. గణాంక సంస్థ పట్టికలో 5301 అంటే పశ్చిమ సుంబా! హోంశాఖ కోడ్ ఉన్న మ్యాప్‌ను ఆ పట్టికతో జాయిన్ చేస్తే (కోడ్‌ను బట్టి జతకలిపితే) ఎర్రర్ రాదు, సుంబా జనాభా తెచ్చి కుపాంగ్‌కి అతికించేస్తుంది. పోనీ పేర్లతో కలుపుదామంటే సబు, సావు అని రెండు రాతలు. పైగా పక్క జిల్లా రోటె న్దావోలో దానాను పోలిన పేరుతో న్దానా అనే ఇంకో దీవి.

2000 నాటి గ్రామ కోడ్‌లను ఇప్పటివాటితో జతచేసే పట్టిక ఎక్కడైనా దొరుకుతుందా? మధ్యలో చీలిన గ్రామాలను తిరిగి పాత గ్రామంలో కలిపేయడమే మేలా, లేక విస్తీర్ణాన్ని బట్టి జనాభాను పంచవచ్చా? సెబా వైపు జనం ఒత్తుగా ఉంటారు, అందుకే రెండో పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.