నాలుగడుగుల హైబ్రిడ్ లైటు: స్లాబుకి వేలాడదీయాలా, స్టాండు మీద నిలపాలా?

బరంపురం పగడం

అందరికీ నమస్కారం. మా ఇల్లు బరంపురంలో, గోపాల్‌పూర్ వెళ్లే రోడ్డు వైపు. పగడాలు పెంచే అక్వేరియం ట్యాంకు 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 55 ఎత్తు. రాళ్లు, ఇసుక పోను 330 లీటర్ల ఉప్పునీళ్లు పడతాయి. ఏడాదిన్నరగా నడుస్తోంది. విశాఖలో మా బావగారు తన ట్యాంకు ఎత్తేస్తూ హైబ్రిడ్ లైటు నాకిచ్చారు. నాలుగు టీ5 ట్యూబులు (సన్నటి ఫ్లోరసెంటువి), ఒక్కోటీ 54 వాట్లు. మధ్యలో రెండు ఎల్‌ఈడీలు. కిరాణా కొట్టు కాటా మీద తూచితే 14 కిలోలు వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. స్లాబుకి నాలుగు కన్నాలు వేసి తీగలతో వేలాడదీసేస్తా, గంట పని అంటున్నాడు మిస్త్రీ. స్లాబు ముట్టుకోవద్దంటున్నారు నాన్నగారు. ఇల్లు కట్టి ముప్పై ఏళ్లు దాటింది. లైటుతో పాటు వచ్చిన కాళ్లు ట్యాంకు అంచు మీద నిలబడతాయి గానీ అప్పుడు లైటు నీళ్లకి 8 అంగుళాల దగ్గరికి వచ్చేస్తుంది, ఎత్తు మార్చే వీలుండదు. నా మొగ్గు వేలాడదీయడం వైపే. తప్పయితే చెప్పండి, కన్నం పడకముందే వింటాను.

రాయగడ రీఫ్

తమ్ముడూ, వేలాడదీసెయ్. నాలుగేళ్లుగా నాది అలాగే ఉంది.

ఎల్‌ఈడీని ఫోన్‌లోనే 30 శాతానికి తగ్గించుకోవచ్చు. టీ5కి చాలా లైట్లలో డిమ్మరుండదు, వెలిగితే పూర్తిగా వెలుగుతుంది. పాత లైటు అలవాటైన పగడాల మీద ఒక్కసారిగా 216 వాట్ల ట్యూబులు 8 అంగుళాల్లో పెడితే వారం తిరక్కుండా రంగు వదిలి తెల్లబడతాయి. వేలాడదీస్తే మొదట ఎత్తుగా పెట్టి వారానికో అంగుళం దించుకోవచ్చు. టీ5కి ఎత్తే డిమ్మరు. కాళ్ల మీద పెడితే అది చేతిలోంచి పోయినట్టే.

రెండోది చేతి పని. గాజు తుడవాలన్నా, రాయి జరపాలన్నా ఆ కాళ్లు అడ్డం. తీగకి గ్రిప్పర్లు (తీగ పొడవు మార్చి బిగించే క్లిప్పులు) ఉంటే లైటు పైకి లాగి రెండు చేతులూ నీళ్లలో పెట్టి పని చేసుకోవచ్చు.

కన్నం గురించి: ప్లాస్టిక్ ప్లగ్గులు పైకప్పుకి వాడొద్దు. గోడకైతే బరువు స్క్రూని అడ్డంగా నొక్కుతుంది, పైకప్పులో తిన్నగా కిందికి లాగుతుంది. ఆ లాగుడుకి ప్లగ్గు జారిపోతుంది. ఇనుప యాంకరు బోల్టులు వెయ్యి, 8 మి.మీ.వి. సిమెంటు పూత దాటి కాంక్రీటులోకి రెండంగుళాలు దిగాలి. ఫ్యాను డబ్బా నుంచి స్విచ్‌బోర్డు గోడ దాకా ఊహాగీత గీసుకుని ఆ దారిలో డ్రిల్లు పెట్టకు. స్లాబు లోపల వైరు పైపు అక్కడే వెళ్తుంది.

గోపాల్‌పూర్ కెరటం

వద్దు తమ్ముడూ, వద్దు. రాయగడ అన్నయ్య చెప్పింది కొండల్లో ఇంటికి. మనది ఉప్పుగాలి.

మా ఇంట్లో ఏటయిందో చెప్తాను. మూడడుగుల లైటు, 9 కిలోలు. స్లాబుకి రెండు కొక్కేలు వేయించాను. జింకు పూత ఉంది, తుప్పు పట్టదన్నారు. పద్నాలుగు నెలలు నిలిచింది. వానాకాలంలో ఒక సాయంత్రం ఒకవైపు కొక్కెం మెడ దగ్గర తెగిపోయింది. లైటు ఒక చివర నీళ్లలో పడింది, రెండు ట్యూబులు లోపలే పగిలాయి. మా పెద్దమ్మాయి అప్పుడే గాజు తుడిచి చెయ్యి బయటికి తీసింది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు టక్కున పడింది కాబట్టి సరిపోయింది. లేపోతే ఏటయ్యేదో నేను తలుచుకోలేను.

ట్యూబులో పాదరసం ఉంటది. ఉన్న నీళ్లన్నీ పారబోసి, పగడాలు బకెట్లోకి ఎత్తి, రాళ్లు కడిగాను. సగం పగడాలు దక్కలేదు. తెగిన కొక్కెం ఇప్పటికీ దాచుకున్నాను. బయటికి తెల్లగానే ఉంది, మెడ లోపల పొడి పొడి.

కాళ్ల మీద పెట్టు. ఎత్తు తక్కువైతే కాళ్ల కింద చెక్క దిమ్మలు వేసుకో.

రాయగడ రీఫ్

అమ్మాయి క్షేమంగా ఉంది, అంతే చాలు. కానీ అన్నయ్యా, తెగింది కొక్కెం. వేలాడదీయడం తప్పని దీంతో ఎలా తేలుతుంది? ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది వేసుంటే తెగేది కాదు. మామూలు 304లో లేని మాలిబ్డినం అందులో రెండు మూడు శాతం ఉంటుంది, ఉప్పుకి అదే తట్టుకుంటుంది. పైగా అసలు తీగలు కాక వదులుగా ఇంకో తీగ వేరే బోల్టుకి కట్టి ఉంచితే ఒకటి తెగినా లైటు నీళ్ల దాకా రాదు. నాకు రెండున్నాయి.

ట్యాంకు అంచు మీద చెక్క దిమ్మలు మాత్రం ఒప్పుకోను. 14 కిలోలు నాలుగు చిన్న చోట్ల గాజు అంచు మీద పడతాయి. చెక్క తడిస్తే ఉబ్బుతుంది, జారుతుంది. అలా పెట్టిన లైటు కూడా నీళ్లలోకే పడుతుంది.

గోపాల్‌పూర్ కెరటం

బోల్టు 316 వేస్తావు, సరే. ఆ బోల్టు పట్టుకున్న కాంక్రీటు ఏ రకం? మా వైపు ముప్పై ఏళ్ల స్లాబు అంటే లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుంటాయి. పెచ్చులు ఊడని ఇల్లు మా వీధిలో రెండో మూడో. 2013లో ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే ఒడ్డెక్కింది. ఆ తర్వాత రెండు వానాకాలాలు పాత స్లాబులు కారుతూనే ఉన్నాయి. నాన్నగారు వద్దన్నారంటే ఆ ఇల్లు ఆయన కట్టించింది, ఆయనకి తెలుసు.

దిమ్మల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది తొందరలో అన్నాను.

ఛత్రపురం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మాది పాత పెంకుటిల్లు, సాల దూలాలు. దూలానికి వేలాడదీయొచ్చా? ఇంకొకటి, బరంపురం వారి గదిలో ఫ్యాను కొక్కెం వాడుకోవచ్చు కదా? అది ఊచలకే కట్టి పోత పోస్తారు.

రాయగడ రీఫ్

దూలం గట్టిదైతే నిశ్చింతగా వేలాడదీయండి, చెద లేదని మేకు గుచ్చి చూసుకోండి. ఫ్యాను కొక్కెం బలమైనదే గానీ అది గది మధ్యలో ఉంటుంది, ట్యాంకు గోడవార ఉంటుంది.

పర్లాకిమిడి మాష్టారు

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇద్దరూ వదిలేసిన రెండు విషయాలున్నాయి.

మొదటిది, ఎత్తు పెంచితే వెలుగు ఎంత తగ్గుతుంది. దూరం రెట్టింపైతే నాలుగో వంతు అనే లెక్క చుక్కలాంటి దీపానికి. నాలుగడుగుల ట్యూబు చుక్క కాదు, గీత. గీతకి దగ్గరలో దూరం రెట్టింపు చేస్తే వెలుగు సుమారు సగమవుతుంది. నాలుగు ట్యూబులు పక్కపక్కన ఉంటే పలకలా వెలుగుతాయి, ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది. ఎత్తే డిమ్మరు అన్న మాట నిజమే గానీ రాయగడ బాబు అనుకున్నంత చురుకైన డిమ్మరు కాదు. పైగా లైటు పైకి జరిపిన కొద్దీ ట్యాంకు దాటి గదిలోకి, కళ్లలోకి పడే వెలుగు ఎక్కువ. హైబ్రిడ్‌లో సుఖం వేరే ఉంది. ఎల్‌ఈడీ ఒక్కటే పెడితే పగడం కొమ్మ కింద నల్లటి నీడ. ట్యూబు పొడవునా వెలుగుతుంది కనుక ఆ నీడలోకి పక్కలనుంచి వెలుగు చేరుతుంది. అందుకే ట్యూబులు ఉంచుకోవాలనుకునేవాళ్లున్నారు.

రెండోది, తీగల వాలు. లైటు ఊగకుండా తీగలు రెండు పక్కలకీ వాల్చి కడతారు, మంచిదే. కానీ తీగ అడ్డంగా వాలిన కొద్దీ లాగుడు పెరుగుతుంది. రెండు తీగలు తిన్నగా ఉంటే ఒక్కోటీ 7 కిలోలు మోస్తుంది. అడ్డగీతకి 30 డిగ్రీల దాకా వాల్చితే ఒక్కోటీ పూర్తి 14 కిలోలు లాగుతుంది. స్లాబు తక్కువ ఎత్తులో ఉన్న ఇళ్లలో మిస్త్రీలు తెలియక ఇదే చేస్తారు.

వేడి గురించి ఒక మాట. టీ5 ట్యూబు చుట్టూ గాలి 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఎక్కువ వెలుగిస్తుంది. మే నెలలో మన గదే 34 ఉంటుంది, లైటు కవరు లోపల ఇంకా ఎక్కువ. అక్కణ్ణుంచి వెలుగు తగ్గుతుంది, నీళ్లు మాత్రం వేడెక్కుతాయి. లైటు ఎలా పెట్టినా పైన నాలుగైదు అంగుళాలు గాలి ఆడాలి.

జయపురం నీలి

మీరంతా ఎలా పెట్టాలో వాదిస్తున్నారు. బరంపురం తమ్ముడూ, ట్యాంకులో ఏమున్నాయో ముందు చెప్పు.

అడగడానికి కారణం ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001 నుంచి రాతి పగడాలన్నీ ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసినవి ఇంట్లో పెట్టుకోవడం నేరం. అమ్మేవాడు ఎంత ధీమాగా చెప్పినా సరే. దాని సంగతి తేలకుండా వాట్ల లెక్క వెయ్యను.

బరంపురం పగడం

అక్కా, రాతి పగడం ఒక్కటి లేదు, తేను కూడా. లెదర్ పగడాలు రెండు, మష్రూము పగడాలు, పగడాల్లాంటివే నాలుగు రంగుల జోయాంతిడ్లు. క్లౌన్ చేపల జంట. అన్నీ తెలిసినవాళ్ల ట్యాంకుల్లో పెరిగిన ముక్కలే.

జయపురం నీలి

అయితే విను. అవన్నీ మెత్తవి. పార్ మీటరు (పగడానికి పనికొచ్చే వెలుగు కొలిచేది) మీద 50 నుంచి 150 మధ్య ఉంటే హాయిగా పెరుగుతాయి. నీ లైటు 200, 300 అడిగే అక్రోపోరా లాంటి రాతి పగడాల కోసం చేసింది. 8 అంగుళాల్లో నాలుగు ట్యూబులూ వెలిగిస్తే మష్రూములు ముడుచుకుని రాళ్ల కిందికి జారిపోతాయి. చూశాను.

నేనైతే ట్యూబుల్ని వాటి చట్రంతో సహా తీసేసి రెండు ఎల్‌ఈడీలే వాడతాను. బరువు బాగా తగ్గుతుంది, మీ గొడవంతా తీరుతుంది. ట్యూబులు తొమ్మిది నెలల నుంచి ఏడాదికి మార్చాలి. చెన్నై నుంచి తెప్పిస్తే ఘాట్ రోడ్డెక్కి మా ఊరు చేరేసరికి పెట్టెలో ఒకటి పగిలే ఉంటుంది. యూరప్‌లో 2023 ఆగస్టు నుంచి మామూలు వెలుగు కోసం చేసే టీ5 ట్యూబులు కొత్తగా మార్కెట్లోకి రానివ్వడం లేదు. పాదరసం తగ్గించే మినమాటా ఒప్పందంలో దేశాలన్నీ కూర్చుని ఫ్లోరసెంటు ట్యూబులకి 2027 గడువు పెట్టాయి. పెద్ద కంపెనీలు ఆ లైన్లు మూసేశాక అక్వేరియం ట్యూబు ఒక్కటే చవగ్గా దొరుకుతుందని నాకు నమ్మకం లేదు.

పర్లాకిమిడి మాష్టారు

అమ్మా, నీడల సంగతి?

జయపురం నీలి

మాష్టారూ, మష్రూముకి నీడ కావాలి. కొమ్మల పగడానికి మీరు చెప్పింది అక్షరాలా నిజం.

రాయగడ రీఫ్

అక్కతో సగమే ఏకీభవిస్తాను. రెండు చుక్కల ఎల్‌ఈడీలతో నాలుగడుగుల ట్యాంకు చివర్లు చీకటిగా ఉంటాయి, నీటి అలల మెరుపులు రాళ్ల మీద పరిగెడతాయి. ఇంట్లో పెద్దవాళ్లకి అది కళ్లు తిప్పుతుంది. నాలుగు ట్యూబులకీ రెండు వేరు వేరు ప్లగ్గులుంటే రెండే వెలిగించొచ్చు. 108 వాట్లు, రోజుకి 8 గంటలు, ఒక యూనిట్టు కూడా కాదు. చివర్లు నిండుతాయి. ట్యూబులు దొరికినన్నాళ్లు వాడుకుని, దొరకని రోజు తీసెయ్యొచ్చు.

బరువు మాత్రం అలాగే ఉంటుంది, ఒప్పుకుంటున్నాను.

బరంపురం పగడం

నిన్న స్లాబు చూశాను. నాన్నగారు నిచ్చెన పట్టుకున్నారు. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టాను. ట్యాంకు పైన ఒకవైపు ఖంగున మోగింది, కిటికీ వైపు రెండడుగుల మేర డొల్ల. సున్నం గీకితే కింద గోధుమరంగు మరక, ఊచ వెళ్లే దారిలో గీతలా ఉంది. కిటికీ వైపు బోల్టు పెట్టడం కుదరదు. ఒకవైపే పెడితే లాభం లేదు. గోపాల్‌పూర్ అన్నయ్య మాటే నిజమైంది. లైటు సంగతి వదిలి ముందు స్లాబుకి మరమ్మతు చేయించాలని నాన్నగారు అంటున్నారు. అది పెద్ద ఖర్చు.

ఎత్తు మార్చుకునే సౌకర్యం మాత్రం వదులుకోలేను. నా మెత్తటి పగడాలకి లైటు ఇంకా దూరంగా ఉండాలని ఇప్పుడే తెలిసింది.

గోపాల్‌పూర్ కెరటం

నా మాట నిజమైందని సంతోషం లేదు తమ్ముడూ, స్లాబు అలా ఉంటే ముందు అదే చూసుకోండి. దాని కింద కుర్చీలు కూడా వెయ్యకండి.

లైటుకి దారి ఉంది. అంగుళం జీఐ పైపుతో ఫుట్‌బాల్ గోల్‌పోస్టులా కట్టించు. రెండు నిలువు పైపులు ట్యాంకు స్టాండుకి వెనక, బోల్టులతో స్టాండు చెక్కకే బిగించి నేల దాకా దింపు. బరువు నేల మోస్తది, గాజు మొయ్యదు, స్లాబు మొయ్యదు. పైన అడ్డ పైపు నుంచి రెండు చేతులు ముందుకి రావాలి. వాటికి రాయగడ అన్నయ్య చెప్పిన తీగలు, గ్రిప్పర్లు కట్టుకో. వెల్డింగు అయ్యాక రెడాక్సైడు, దాని మీద ఎపాక్సీ పెయింటు. స్టాండు మీద పెట్టమన్నది నేను, వేలాడదీయమన్నది ఆయన. ఇందులో రెండూ ఉన్నాయి.

రాయగడ రీఫ్

బాగుంది. చేతులు ముందుకొచ్చిన కొద్దీ స్టాండు మీద తిప్పుడు పెరుగుతుంది, అది చూసుకో. నిలువు పైపు పై కొసని గోడకి ఒక క్లాంపుతో పట్టించు. బరువు మొయ్యడానికి కాదు, ముందుకి ఒరక్కుండా. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వదులు, కారిన నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. ఆర్‌సీసీబీ లేకపోతే లైటు కన్నా ముందు అది కొను.

ఇప్పటికీ నా మాట ఒకటే. మంచి స్లాబున్న ఇంట్లో స్లాబే మేలు. ఈ ఇంటికి అది కుదరదు.

నా దగ్గర అపోజీ కంపెనీ పార్ మీటరుంది, నీళ్లలో ముంచేది. వచ్చే నెల బరంపురం పెళ్లికి వస్తున్నాం, తెస్తాను. నీ ట్యాంకులో నాలుగు మూలలూ కొలుద్దాం.

బరంపురం పగడం

తప్పకుండా రండి అన్నయ్యా, భోజనం మా ఇంట్లోనే. ఆదివారం పైపులు కోయించడానికి వెళ్తున్నాను. నీళ్ల మట్టానికి 16 అంగుళాల ఎత్తులో, రెండు ట్యూబులు, ఎల్‌ఈడీ 20 శాతం, రోజుకి 6 గంటలతో మొదలుపెడతాను. మష్రూములు ముడుచుకుంటే అదే రోజు ఇక్కడ రాస్తాను.

గోపాల్‌పూర్ కెరటం

పైపు కొసలకి మూతలు వేయించడం మర్చిపోకు. ఉప్పుగాలి లోపలికెళ్తే తుప్పు లోపలినుంచే తింటది, బయటికి కనబడదు.