1979 బీటిల్ కన్వర్టిబుల్: బాగుచేసిన బండి కొనొచ్చా?

ప్రశ్న: ఉండేది శాన్ హోసేలో. బాగుచేసిన 1979 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కన్వర్టిబుల్ అమ్మకానికి వచ్చింది. టాప్ దించి ఒక రౌండ్ తిప్పాను. వెనక నుంచి ఆ ఇంజిన్ చప్పుడు వింటుంటే దిగబుద్ధి కాలేదు. కానీ వెనక సీటు ఎత్తితే బ్యాటరీ కింద రేకుకి తాజా నల్ల రంగు! అప్పట్నుంచి టెన్షన్. ఏమేం చూడాలి?

జవాబు: ఆ రంగే ముందు చూడండి. బ్యాటరీ యాసిడ్ కారి అక్కడి రేకు తినేస్తుంది. ఆ చిల్లుని పుట్టీతో పూడ్చి రంగేశారేమో, అయస్కాంతం పెట్టి చూడండి, పుట్టీకి అంటుకోదు. తర్వాత తలుపుల కింద ఉండే, హీటర్ గాలి వెళ్లే గొట్టాలు చూడండి. పైకప్పు లేని బండికి బలమంతా అక్కడే. తలుపు సందు పైనా కిందా ఒకేలా లేకపోతే బాడీ కుంగినట్టే. నేనైతే అక్కడే వదిలేస్తాను.

మరో జవాబు: దీనికి రేడియేటర్ లేదు, ఫ్యాన్ గాలీ రెండున్నర లీటర్ల ఆయిలే చల్లబరచాలి. ఇంజిన్ చుట్టూ రేకులు, రబ్బరు సీల్ ఉన్నాయా? లేకపోతే కింది వేడిగాలే మళ్లీ లోపలికి పోతుంది.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూసొచ్చాను. సందు సమానంగానే ఉంది, కానీ బ్యాటరీ కింద అరచేతంత మేర అయస్కాంతం జారిపోయింది. శనివారం లిఫ్ట్ ఎక్కించి చూపించమన్నాను.