ప్రపంచ కప్ ఫుట్‌బాల్ చూడబోయే వారికి విమాన సంస్థలు నిజంగా ఏమి సమకూరుస్తాయి?

గజపతినగరం డ్రిల్లు మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. 2030 ప్రపంచ కప్ స్పెయిన్, పోర్చుగల్, మొరాకో దేశాలలో జరుగుతుందని తెలిసినప్పటి నుంచి నేనూ, నాతో చదువుకున్న మరో ఇద్దరు మిత్రులూ ఆ ప్రయాణం కోసమే చీటీ కడుతున్నాము. పోటీల సమయంలో విమాన సంస్థలు అభిమానుల కోసం ప్రత్యేక విమానాలు నడుపుతాయని కొందరు చెబుతున్నారు. అదంతా ప్రచారమేనని, ఆ నెలలో ధరలు పెంచి ముక్కుపిండి వసూలు చేస్తారని మరికొందరు అంటున్నారు. మేము ముగ్గురమూ హైదరాబాదు దాటి విమానంలో వెళ్లి ఎరుగము. మాది అర్జెంటీనా పక్షం. ఆ జట్టు ఏ ఊరిలో ఆడితే ఆ ఊరికి విమానంలో వెళుతూ చూడాలన్నది మా ఆశ. అది సాధ్యమేనా? టికెట్లు ఎప్పుడు, ఎలా కొనాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సోంపేట:

మాస్టారూ, 2022 పోటీలప్పుడు నేను దోహాలో బస్సు నడిపే పనిలో ఉన్నాను. ప్రత్యేక విమానాల మాట అబద్ధం కాదు. ఖతార్ చిన్న దేశం కావడంతో ఎనిమిది స్టేడియాలూ దోహాకు గంట ప్రయాణం లోపే ఉండేవి, అయితే వచ్చే జనానికి సరిపడా గదులు మాత్రం ఊరిలో లేవు. అందుకని అభిమానులు పొరుగు దేశాలలో బస చేసి, మ్యాచ్ రోజున వచ్చి అదే రోజు తిరిగి వెళ్లిపోయేలా దుబాయ్, మస్కట్, రియాద్, జెద్దా, కువైట్‌ల నుంచి షటిల్ విమానాలు ఏర్పాటు చేశారు. రోజుకు 160కి పైగా నడుపుతామని ప్రకటించగా, అందులో ఒక్క ఫ్లైదుబాయ్ వాటాయే రానుపోను కనీసం 30. కొత్త విమానాశ్రయం ఒక్కటే ఆ రద్దీని మోయలేదని, ప్రయాణికులకు ఎప్పుడో మూసివేసిన పాత దోహా విమానాశ్రయాన్ని కూడా మళ్లీ తెరిచారు.

ఉదయం దిగే వారి దగ్గర ఒక చిన్న సంచి, ఫోనులో హయ్యా కార్డు తప్ప మరేమీ ఉండేవి కావు. దేశంలోకి అనుమతి, స్టేడియానికి ప్రవేశం, బస్సు, మెట్రో అన్నిటికీ ఆ కార్డే ఆధారం. రాత్రి తిరిగి విమానాశ్రయానికి తీసుకువెళ్లేటప్పుడు, ఓడిన జట్టు వారు సీటు దొరకగానే జెండా ముఖం మీద కప్పుకుని నిద్రపోయేవారు, గెలిచిన వారు ఖాళీ సీట్లున్నా కూర్చునేవారు కాదు.

అయితే ఆ నెలలో ఇంటికి రావలసిన మా గదిలోని కుర్రాళ్లు ఇద్దరు టికెట్టు ధర చూసి సెలవు సంక్రాంతి తర్వాతకు జరుపుకున్నారు. అభిమానుల కోసం వేసిన విమానాలన్నీ పక్క దేశాలకే గనుక ఇచ్ఛాపురం, పలాస వైపు కూలీలకు వాటి వల్ల ఒరిగింది ఏమీ లేదు.

చీపురుపల్లి:

విమాన సంస్థలు అభిమానులకు సేవ చేస్తాయన్న మాటే నాకు వింతగా ఉంది. 2014 ప్రపంచ కప్ అప్పుడు జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా తన విమానాల మీద పేరు మార్చి ‘ఫాన్‌హన్సా’ అని రాయించింది, గెలిచిన జర్మనీ జట్టును తీసుకువచ్చిన విమానాన్ని బెర్లిన్‌లో గుమిగూడిన జనం మీదుగా తక్కువ ఎత్తులో తిప్పింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, విమానానికి రంగు వేసినంత మాత్రాన టికెట్టు ధర తగ్గదు. మాస్టారూ, చీటీ సొమ్ముతో ఒక పెద్ద టీవీ కొనండి, ఊరంతా చూస్తుంది.

ఏడురోడ్ల టికెట్లు:

నేను శ్రీకాకుళంలో విమాన టికెట్ల వ్యాపారం చేస్తున్నాను, కాబట్టి చీపురుపల్లి మిత్రునికి నా మాట మీద అనుమానం ఉండటం సహజమే. ఆయన చెప్పినది కొంతవరకు నిజం. కానీ ధర పెరగడానికి దురాశ ఒక్కటే కారణం కాదు. ఒక విమానంలోని సీట్లను సంస్థ ముందుగానే పలు ధరల తరగతులుగా విడదీసి పెడుతుంది. చవక తరగతి అమ్ముడు కాగానే తరువాతి తరగతి తెరుచుకుంటుంది. అందుకే పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు వేరువేరు ధరలు చెల్లించి ఉంటారు. పైడితల్లి సిరిమాను పండుగకు ఆర్టీసీ వారు చుట్టుపక్కల డిపోల నుంచి అదనపు బస్సులు వేసినట్టు విమానాలు వేయడం కుదరదు. విమానంతో పాటు సిబ్బంది, ఆ గంటకు ఆ విమానాశ్రయంలో దిగే అనుమతి, నిలుపుకునే చోటు కూడా దొరకాలి.

ఖతార్ పోటీలు నవంబరు, డిసెంబరులో జరిగాయి. నవంబరు అంటే యూరప్‌కు విహారయాత్రలు సన్నగిల్లే కాలం కనుక, అక్కడి సంస్థలకు అద్దెకు ఇవ్వగల విమానాలు మిగిలి ఉంటాయి. 2030 పోటీలు జూన్, జులైలలో, అదీ యూరప్ మొత్తం సెలవులకు కదిలే స్పెయిన్, పోర్చుగల్ తీరాలలో జరుగుతాయి. ఆ రోజుల్లో ఖాళీ విమానం అంటూ ఉండదు. సోంపేట మిత్రుడు చూసిన షటిల్ ఏర్పాటును అక్కడ ఎదురుచూడటం వృథా.

ఇక జట్టు వెంట తిరగాలన్న మీ ఆలోచన గురించి. ప్రపంచ కప్ మొదలై 2030కి నూరేళ్లు నిండుతున్న సందర్భంగా అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే తమ తొలి మ్యాచ్‌లను సొంత గడ్డ మీదే ఆడతాయి. అంటే మీ జట్టు మొదటి ఆట బ్యూనస్ ఐరీస్‌లో ఉంటుంది, మీరేమో సముద్రానికి ఈవల ఉంటారు. గ్రూపు దశలో ఏ జట్టు ఎక్కడ ఆడేదీ, జట్లను గ్రూపులుగా పంచే డ్రా తీయగానే తేలిపోతుంది కనుక దానికి తగ్గట్టు టికెట్లు కొనవచ్చు. ఓడిన జట్టు ఇంటికి వెళ్లిపోయే నాకౌట్ దశ మొదలైతే మాత్రం గెలిచిన రాత్రి మొదలుకొని కొద్ది రోజుల్లోనే వేల మంది ఒకే ఊరికి కదలాలి. సంస్థల ఏర్పాట్లు చేతులెత్తేసేది అక్కడే. 2022లో మొరాకో సెమీఫైనల్‌కు చేరగానే రాయల్ ఎయిర్ మరోక్ సంస్థ అభిమానుల కోసం 30 అదనపు విమానాలు ప్రకటించింది. తీరా మ్యాచ్ రోజైన డిసెంబరు 14న వెళ్లవలసిన విమానాలు రద్దయ్యాయి. ఖతార్ అధికారుల ఆంక్షలే కారణమని ఆ సంస్థ ప్రకటించింది.

దానికన్నా ఘోరం 2010లో డర్బన్‌లో జరిగింది. జర్మనీ, స్పెయిన్ సెమీఫైనల్ రోజున, తెరిచి రెండు నెలలు మాత్రమే అయిన అక్కడి కింగ్ షాకా విమానాశ్రయంలో సంపన్నుల సొంత విమానాలు వచ్చి నిలిచిపోయి, తీయమన్నా తీయకపోవడంతో, టికెట్లు కొనుక్కుని వస్తున్న సామాన్య అభిమానుల విమానాలు దిగడానికి చోటు లేక వెనుదిరిగాయి. వందల మంది చేతిలో సెమీఫైనల్ టికెట్టు ఉండగానే ఆట చూడలేకపోయారు. అందుకే మ్యాచ్ రోజు ఉదయం దిగే టికెట్టు ఎంత చవకగా దొరికినా కొనవద్దని నేను అందరికీ చెబుతాను. ముందు రోజు సాయంత్రానికే ఆ ఊరిలో ఉండాలి.

మనకు ఒక వెసులుబాటు ఉంది. ప్రత్యేక విమానాలు, ప్యాకేజీలు ఆడే దేశాల అభిమానులను ఉద్దేశించినవి, వాటి ధరలు ఆ జట్ల గెలుపోటములతో పెరిగి తరుగుతాయి. మన జట్టు అక్కడ ఆడితే మన మాట వేరుగా ఉండేది, అంతవరకు మనం ఎవరి వెంటా పరుగెత్తనవసరం లేదు. జట్టును కాక ఊరిని ఎంచుకోండి. ఉదాహరణకు మాడ్రిడ్‌లో బస చేసి, అక్కడ జరిగే మ్యాచ్‌లతో పాటు హైస్పీడు రైలులో రెండున్నర గంటల దూరంలో ఉన్న బార్సిలోనా మ్యాచ్‌లూ చూడవచ్చు. అలా చేస్తే ప్రపంచ కప్‌లో మీరు కొనవలసిన విమాన టికెట్టు వెళ్లి వచ్చేది ఒక్కటే.

గజపతినగరం డ్రిల్లు మాస్టారు:

చాలా వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. బ్యూనస్ ఐరీస్ సంగతి విని మా మిత్రులలో ఒకరు రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. మొరాకో కూడా చూడాలని ఉంది. దానికి టికెట్టు, వీసా ఎలా కుదుర్చుకోవాలో కూడా చెప్పండి.

ఏడురోడ్ల టికెట్లు:

మొరాకోను చివరన పెట్టుకోండి. స్పెయిన్, పోర్చుగల్ రెండింటికీ ఒకే షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) సరిపోతుంది, మొరాకోకు విడిగా అనుమతి కావాలి. స్పెయిన్ నుంచి మొరాకో వెళ్లి మళ్లీ స్పెయిన్ రావాలంటే షెంగెన్ వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు ఇచ్చినదై ఉండాలి. అది గమనించక సరిహద్దులో చిక్కుకునే ప్రమాదం ఉంది. అందువల్ల హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా లిస్బన్‌లోనో మాడ్రిడ్‌లోనో దిగి, తిరుగు విమానం కాసాబ్లాంకాలో ఎక్కేలా ‘మల్టీ సిటీ’ టికెట్టు తీసుకుంటే ఒక్కసారి ప్రవేశమే చాలు. గల్ఫ్‌లోని పెద్ద సంస్థలు ఈ ఊళ్లన్నిటికీ నడుపుతున్నాయి. స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న తరీఫా నుంచి మొరాకోలోని టాంజియర్‌కు పడవలు ఉన్నాయి. అక్కడి నుంచి కాసాబ్లాంకాకు హైస్పీడు రైలు 2018 నుంచి నడుస్తోంది. పోటీల రద్దీలో నేనైతే విమానం కన్నా ఈ దారినే నమ్ముతాను.

సంస్థలు సాధారణంగా ప్రయాణానికి 11 నెలల ముందు అమ్మకం మొదలుపెడతాయి కనుక 2029 జులై నుంచి ధరలు గమనించడం ప్రారంభించండి. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. హైదరాబాదు నుంచి చివరి గమ్యం వరకు అన్ని విమానాలూ ఒకే పీఎన్ఆర్ (బుకింగు నంబరు) కింద ఉండేలా చూడండి. రెండు వేరు టికెట్లుగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ నష్టం పూర్తిగా మీదే అవుతుంది. అక్కడి దేశాల మధ్య నడిచే చవక విమానాలకు బ్యాగు రుసుము వేరుగా ఉంటుంది. యూరప్ పౌరులు కాని వారు ముందుగా కౌంటరు దగ్గర వీసా చూపించి రావాలని కొన్ని సంస్థలు నియమం పెట్టాయి గనుక అదనపు సమయం చేతిలో ఉంచుకోండి.

సోంపేట:

2030 నాటికి మన భోగాపురం విమానాశ్రయం నుంచే గల్ఫ్‌కు నేరుగా విమానం దొరుకుతుందని నా ఆశ. అప్పుడు హైదరాబాదు దాకా వెళ్లే రాత్రి ప్రయాణం తప్పుతుంది.

ఏడురోడ్ల టికెట్లు:

దొరికితే అందరికన్నా ముందు సంతోషించేవాణ్ణి నేనే. కానీ ఉంటుందన్న నమ్మకంతో ముందే టికెట్టు కొనకండి మాస్టారూ. 2029 జులైలో అమ్మకాలు తెరిచిన రోజున ఏ మార్గాలు ఉన్నాయో చూసి చెబుతాను. ఈలోగా ముగ్గురి పాస్‌పోర్టుల గడువు తేదీలు ఒకసారి చూసుకోండి.