కొత్త వైద్య కళాశాలలో స్కిల్ ల్యాబ్ బాధ్యత: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పాలమూరు_మెడిసిన్):

ఉమ్మడి పాలమూరు జిల్లాలో 2016లో మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తరువాత 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలలో, 2024లో గద్వాల, నారాయణపేటలలో కళాశాలలు వచ్చాయి. అలాంటి ఒక కొత్త కళాశాలలో జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్న నాకు ఇటీవల స్కిల్ ల్యాబ్ (విద్యార్థులు రోగులకు బదులు బొమ్మలపై చికిత్సలు సాధన చేసే చోటు) బాధ్యతను అప్పగించారు. ఏడాదికి 150 మంది విద్యార్థులు చేరుతారు. గదులు సిద్ధంగా ఉన్నాయి, పరికరాల ఇండెంట్ (కావలసినవాటి కొనుగోలు పత్రం) త్వరగా పంపమని అడుగుతున్నారు. పెద్ద మొత్తం వెచ్చించి, గుండె చప్పుడు, ఊపిరి, నాడి అన్నీ చూపే హై ఫిడెలిటీ మేనికిన్‌ను (అచ్చం రోగిలా స్పందించే మనిషి బొమ్మను) ముందుగా తెప్పించుకోవాలా, లేక చిన్న నమూనాలతో ప్రారంభించాలా? ఇటువంటి విభాగాన్ని మొదటినుంచి నడిపిన పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు (నల్గొండ_అనస్థీషియా):

మేడమ్, ఇండెంట్‌ను ఒక వారం పక్కన పెట్టి, మీ ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టర్‌ను ముందు వేసుకుని కూర్చోండి. పాముకాటు, పురుగుమందు తాగినవారు, రోడ్డు ప్రమాదాలు, కాన్పు తరువాత రక్తస్రావం, పుట్టగానే ఏడవని శిశువులు: మన ప్రాంతంలో హౌస్ సర్జన్ (ఇంటర్న్‌షిప్‌లో ఉన్న యువ డాక్టర్) అర్ధరాత్రి ఒంటరిగా ఎదుర్కొనేవి చాలావరకు ఇవే. ముందు ఈ సన్నివేశాలను రాసుకుంటే, వాటికి ఏ బొమ్మ కావాలో దానంతట అదే తేలుతుంది.

ఆర్గానోఫాస్ఫేట్ అనే పురుగుమందు విషాన్నే తీసుకోండి. దానికి విరుగుడైన అట్రోపిన్ మొదటి మోతాదు ఇచ్చాక ఊపిరితిత్తులలో తేమ శబ్దం తగ్గకపోతే, ప్రతి 5 నిమిషాలకు మోతాదును రెట్టింపు చేస్తూ పోవాలని విద్యార్థికి పుస్తకం చెబుతుంది. అయితే గడియారం చూస్తూ, నర్సుకు స్పష్టంగా చెబుతూ, ఛాతీపై స్టెతస్కోప్ పెట్టి మళ్లీ మళ్లీ వింటూ ఆ పని చేయడం వేరే విద్య. దానికి మామూలు బొమ్మ, ఖాళీ సిరంజిలు, పక్కన నిలబడి "ఇంకా గురగురలాడుతోంది" అని చెప్పే ఒక అధ్యాపకుడు ఉంటే చాలు. పాముకాటులోనూ అంతే: యాంటీ వెనమ్ ఎక్కుతుండగా రోగికి దద్దుర్లు లేచి, బీపీ పడిపోయిన క్షణంలో డ్రిప్ ఆపి, తొడ కండరంలోకి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ ఇవ్వాలన్న నిర్ణయం చేతికి అలవాటు కావాలి.

నల్గొండ వాడిని కాబట్టి మరొక మాట. మర్రిగూడ, మునుగోడు వైపునుంచి వచ్చే వృద్ధులలో ఫ్లోరోసిస్ (నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) వల్ల లిగమెంట్లు గట్టిపడి, మెడ వెనక్కి వంగదు, నడుములో మత్తు సూది దిగదు. కంపెనీ బొమ్మ మెడ మాత్రం ఎటు వంచితే అటు వంగుతుంది. దానికి సర్వైకల్ కాలర్ (మెడను కదలనివ్వని పట్టీ) తొడిగి ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం) చేయించండి. మన రోగి ఎలా ఉంటాడో అప్పుడు తెలుస్తుంది.

జవాబు (నర్సింగ్_ట్యూటర్):

సర్ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ తనిఖీని మరిచిపోకూడదు. 2020 నాటి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) కనీస ప్రమాణాలే 150 సీట్లకు 600 చదరపు మీటర్ల స్కిల్ ల్యాబ్, పరీక్ష గదులు, చర్చకు చోటు, కనీసం ఒక గదిలో వీడియో రికార్డింగ్ వసతి అడిగాయి. కాబట్టి ఇండెంట్‌లో ఆ జాబితా ముందుగా ఉండాలి. ఖరీదైన మేనికిన్ కొనే పక్షంలో మరమ్మతు ఒప్పందాన్ని, విడిభాగాల ధరను అదే కాగితంపై రాయించుకోండి. ఐవీ చేతికి (సెలైన్ సూది పెట్టడం నేర్పే నమూనా చేతికి) తొడిగే చర్మం, రక్తనాళాల గొట్టాలు త్వరగా చిల్లులు పడతాయి. అవి లేక ఖరీదైన బొమ్మ బీరువాలో ఉండిపోవడం నేను చూశాను.

కుట్లకు మేక కాళ్లు, ఛాతీ గొట్టానికి మేక పక్కటెముకలు వాడవచ్చు. వాటికి వేరే బల్ల, వేరే పరికరాలు, పారవేసే ఏర్పాటు తప్పనిసరి. సీనియర్ స్టాఫ్ నర్సులనూ శిక్షకులుగా తీసుకోండి. కాన్యులా (రక్తనాళంలో ఉంచే సన్న గొట్టం) పెట్టడం, క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేయడం వారికంటే బాగా నేర్పగలవారు కళాశాలలో ఎక్కువమంది దొరకరు. ఈ మాట కొందరు ప్రొఫెసర్లకు రుచించకపోవచ్చు.

ప్రశ్న వేసినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. రిజిస్టర్ చూస్తాను. నాకు మిగిలిన సందేహం సమయం గురించి. పదేసి మంది చొప్పున విడదీస్తే 15 బృందాలు. ఒక్కో నైపుణ్యానికి రెండు గంటలు పెట్టినా 30 గంటలవుతుంది. విభాగాధిపతులు తమ క్లాసులు వదులుకోవడానికి ఒప్పుకోవడం లేదు.

జవాబు (నల్గొండ_అనస్థీషియా):

అసలు పోరాటం అక్కడే, మేడమ్. కొత్త గంటలు అడగకండి. 2019 నుంచి అమలులో ఉన్న సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో ధ్రువీకరించవలసిన నైపుణ్యాలను ప్రతి విభాగమూ లాగ్‌బుక్‌లో సంతకం చేసి చూపాలి కదా. "మీ విభాగం సంతకం చేయవలసిన నైపుణ్యాలను మా గదిలో మీ అధ్యాపకుడే నేర్పుతారు, హాజరు మీదే" అని ఒక్కో విభాగాధిపతినీ విడిగా కలిసి అడగండి. అందరూ కూర్చున్న సమావేశంలో అడిగితే ముందుగా లేదన్నవారి మాటే నిలుస్తుంది. మొదట సర్జరీ, గైనిక్, పీడియాట్రిక్స్ ఒప్పుకుంటే మిగతావారు వస్తారు.

అయితే ఒక విషయంలో రాజీ పడవద్దు. పది నిమిషాల సన్నివేశం తరువాత కనీసం ఇరవై నిమిషాలు కూర్చుని మాట్లాడే సమయం ఉండాలి. ఆ సమయంలో అధ్యాపకుడు తప్పులు ఎత్తిచూపుతూ పోతే రెండోసారి విద్యార్థి నోరు విప్పడు, "ఆ క్షణంలో మీకు ఏమనిపించి అలా చేశారు?" అని అడగడం మన అధ్యాపకులకు కొత్త కాబట్టి, విద్యార్థులకంటే ముందు వారికే ఒక శిక్షణ పెట్టండి. హౌస్ సర్జన్లు రాత్రి డ్యూటీలో తీరిక దొరికినప్పుడు వచ్చి చేసుకునేలా సీపీఆర్ బొమ్మనూ, అంబు బ్యాగునూ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచినీ) క్యాజువాలిటీ పక్క గదిలో ఉంచి, తాళం డ్యూటీ నర్సు దగ్గర పెట్టించండి.