బొమ్మ రానేదా, వచ్చి పోనాదా?

గ్రూపులో భాష గురించి తప్ప వేరేవి రాయకూడదని తెలుసు. ఇది కంప్యూటర్ రిపేరు పోస్టులా కనబడుతుంది గానీ నేను అడగబోయేది ఒక క్రియ గురించే, కాదు, రెండు మూడు క్రియల గురించి. కాస్త ఓపిక పట్టండి.

నాది శ్రీకాకుళం. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాను. ఏడురోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గది, రెండు కంప్యూటర్లు, ముహూర్తాలు మొదలయ్యాయంటే రాత్రీ పగలూ తేడా ఉండదు. తెర మీదికి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు, నా పాత ఏఎండీ ఆర్‌ఎక్స్ 550, ఫోర్‌కే వీడియోలు లాగలేకపోతోందని ఒక సెకండ్‌హ్యాండ్ ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కొని ఆదివారం సాయంత్రం నేనే బిగించాను. స్విచ్ వేస్తే లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అని ఒకసారి చూపించి పడుకుంది. మంగళవారానికి ఒక పెళ్లి వీడియో ఇవ్వాలి, పెళ్లికూతురి తండ్రి అప్పటికే రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు, టెన్షన్‌లో మా వీధి టీవీ మెకానిక్‌కి ఫోన్ కొట్టాను. ఆయన ఊరందరికీ మావయ్యే. పిక్చర్ ట్యూబుల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాడు, ఇప్పుడు కంప్యూటర్లూ చూస్తాడు.

"మావయ్యా, కార్డు పోయింది."

"పోనాదా? ఎవులట్టుకుపోనారు?"

"అది కాదు మావయ్యా, బొమ్మ రావట్లేదు."

"ఐతే అలగ సెప్పు అల్లుడా. బొమ్మ అసలు రానేదా, వచ్చి పోనాదా?"

ఆ క్షణంలో నాకు ఒళ్లు మండింది. ఏదైతే ఏం, తెర నల్లగా ఉంది కదా! ఆయన మాత్రం అది తేలేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. "రానేదంటే దారి సూడాల. వచ్చి పోనాదంటే ఇల్లు సూడాల" అన్నాడు.

దారి అంటే మానిటర్ వైరు, కార్డు కూర్చున్న స్లాటు, ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు పంచే డబ్బా) నుంచి కార్డుకి వచ్చే కరెంటు. ఇల్లంటే విండోస్, దాని డ్రైవర్లు, అంటే కార్డుని విండోస్ చేత పని చేయించే ప్రోగ్రాములు. స్విచ్ వేయగానే మదర్‌బోర్డు కంపెనీ లోగో కనబడి, విండోస్ గుర్తు కూడా కనబడి, ఆ తర్వాత తెర నల్లబడితే దారి చాలావరకు బాగున్నట్టే, ఇంట్లోకి వచ్చాక ఎవరో తలుపేశారు. మొదటి నుంచీ ఏమీ కనబడకపోతే డ్రైవర్ గురించి ఆలోచించడం దండగ, కథ అక్కడిదాకా వెళ్లనే లేదు. నేనేమో అప్పటికే రెండో కంప్యూటర్‌లో కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను!

నాది 'రానేదు' కేసు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన చెప్పినట్టు చూసుకుంటూ పోయాను. మొదటి ప్రశ్న, వైరు ఎక్కడ పెట్టావు అని. చాలామంది కార్డు బిగించి, మానిటర్ వైరుని అలవాటు కొద్దీ పాత చోటే, బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐలోనే ఉంచేస్తారట. కార్డు పెట్టాక చాలా బోర్డులు ఆ దారిని మూసేస్తాయి. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఇంకా తేలిక, దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు మీద హెచ్‌డీఎంఐ ఉన్నా అది ఉత్త కన్నమే. నా వైరు కార్డుకే ఉంది. మానిటర్ బటన్ నొక్కి ఇన్‌పుట్ చూశాను, అదీ సరిగ్గానే ఉంది. తర్వాత కరెంటు. స్లాటు నుంచి కార్డుకి అందేది 75 వాట్లే, పాత 550కి అది చాలేది కాబట్టి వేరే వైరు పెట్టే అలవాటు నాకు లేదు, 3060 మాత్రం 170 వాట్ల దాకా తాగుతుంది. మిగతాది ఎస్‌ఎంపీఎస్ నుంచి 8 పిన్నుల వైరులో రావాలి. పెట్టాను, పెట్టానని మూడుసార్లు చెప్పాను. "పీసీఐఈ అని రాసున్నదేనా, ప్రాసెసర్‌దా?" అన్నాడు. రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, పిన్నుల అమరిక వేరు, దూరకపోతే బలవంతంగా తోయకూడదు. నాది సరైనదే.

"ఐతే టార్చీ ఎయ్. కార్డు కింద అంచు సూడు."

ఫోన్ లైటు వేసి తల కేబినెట్‌లో దూర్చి చూశాను. స్క్రూలున్న వైపు అంచు పూర్తిగా స్లాటులోకి దిగిపోయింది. అటు చివర మాత్రం, స్లాటు గొళ్లెం ఉన్న వైపు, నల్లటి ప్లాస్టిక్ పైన సన్నటి పసుపు గీత ఒకటి మెరుస్తోంది. అది కార్డు కాళ్ల బంగారు పూత. అదసలు కనబడకూడదు. నేను కార్డు పూర్తిగా నొక్కకుండానే ముందు స్క్రూ బిగించేశాను, ఇటు బిగిసేసరికి అటు లేచింది, తక్కెడలాగ.

"దిగనేదు" అన్నాడు మావయ్య చూడకుండానే. "కరెంటు తీసీ. స్క్రూ వదులు సెయ్. రెండు పక్కలా సమంగా నొక్కు. టిక్కుమనాల."

ప్లగ్గు పీకి, కేబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని, స్క్రూ తీసి, రెండు బొటనవేళ్లతో నొక్కాను. బోర్డు విరిగిపోతుందేమో అన్నంత నొక్కాక గొళ్లెం టిక్కుమంది. పసుపు గీత మాయమైంది. స్విచ్ వేశాను, లోగో వచ్చింది.

"బొమ్మొచ్చినాదా?"

"వచ్చింది మావయ్యా."

"ఐతే ఫోన్ పెట్టీ."

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సర్వీస్ సెంటర్ చీటీల మీద 'నో డిస్‌ప్లే' అని రెండే ముక్కలు రాస్తారు. వేరువేరు రోగాలన్నీ ఆ రెండు ముక్కల్లోకి కుక్కేస్తారు. మన మాటలో ఆ ఇరుకు లేదు. రాలేదు, వచ్చి పోయింది, వస్తూ పోతూ ఉంది, ఆలస్యంగా వచ్చింది, ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు, ఒక్కొక్కటీ ఒక్కో చోటికి వేలు చూపిస్తుంది. వస్తూ పోతూ ఉంటే వైరో, స్లాటు పట్టు వదులో అని అనుమానించాలి. ఆలస్యంగా రావడం, అంటే లోగో ఏదీ కనబడకుండా విండోస్ తెరిచాకే బొమ్మ రావడం, కొన్ని ఎన్విడియా కార్డుల్లో డిస్‌ప్లే పోర్ట్ అనే వైరుతో కలిపిన మానిటర్లతో ఉన్న చిక్కే, దానికి ఆ కంపెనీయే కార్డు ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే ఉండే ప్రోగ్రామ్) మార్చుకునే టూల్ ఇచ్చింది. ఇక 'పోయింది' అన్న మాట ఒంటరిగా వాడితే ప్రమాదం. కరెంటు పోయింది అంటే మళ్లీ వస్తుంది, చెప్పులు పోయాయి అంటే ఎవరో వేసుకెళ్లారు, పెద్దాయన పోయారు అంటే ఇక లేరు. నా కార్డుకి నేను మూడోది వాడాను, మావయ్య రెండోది విన్నాడు!

మీ వైపు ఏమంటారు? ఈ 'బొమ్మ' మాట ఇంకా ఎక్కడెక్కడ బతికుంది?

*

విజయనగరం నుంచి:
మాకు సినిమా హాల్లో బొమ్మ పడుతుంది, ఇంట్లో టీవీలో బొమ్మ వస్తుంది. ఎప్పుడూ అటూ ఇటూ మారదు. హాల్లో వెనక నుంచి వెలుగు వచ్చి తెర మీద పడుతుంది కాబట్టి పడటం, టీవీకి తీగలోంచి వస్తుంది కాబట్టి రావడం, నాకు తోచింది ఇది. దూరదర్శన్ రోజుల్లో మా అన్నయ్య మేడెక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచేవాడు, మేము కిటికీలోంచి "రాలేదు... రాలేదు... ఆఁ వచ్చింది, వచ్చింది! అయ్యో పోయింది" అని అరిచేవాళ్లం. ఆయన యాంటెన్నా వదిలేస్తే పోయేది, పట్టుకుని నిలబడితే ఉండేది. మీ మావయ్య ప్రశ్న అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

మళ్లీ నేను:
ఆయన నిజంగానే యాంటెన్నాలు కట్టినవాడు. ఇది నాకు తట్టలేదు, థాంక్స్ అన్నయ్యా.

బొబ్బిలి నుంచి:
నాది 'వచ్చి పోయింది' కేసు, ఉపయోగపడుతుందని రాస్తున్నా. ఏఎండీ కార్డు తీసి ఎన్విడియా పెట్టాను, లోగో వస్తుంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, తర్వాత చీకటి. పాత డ్రైవర్ ఇంకా ఇంట్లోనే కాపురం ఉంది. విండోస్ మొదలవుతుండగా రెండు మూడుసార్లు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తే అదే రిపేరు తెర చూపిస్తుంది, అక్కడి నుంచి విండోస్ అతి తక్కువ సరంజామాతో తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్‌ని తుడిచేసి కొత్తది వేశాను. మీరు కూడా 550 తీసి 3060 పెట్టారు కదా, ఈ చిక్కు మీకు రాకపోవడం మీ అదృష్టం.

ఊరు చెప్పని ఒకరు:
ఇది భాషా సమూహం. 'బొమ్మ' అనేది చిన్నపిల్లల మాట. దృశ్య ప్రదర్శన లోపం అని చక్కగా అనవచ్చు. పైగా రానేదు, పోనాది, దిగనేదు అంటూ యాసలో రాయడం అవసరమా?

మళ్లీ నేను:
మావయ్యకి ఫోన్ చేసి "ప్రదర్శన లేదు" అంటే, కలెక్టరాఫీసు దగ్గర ధర్నా రద్దయిందా అని అడుగుతాడండీ. ఇక యాస సంగతంటారా, ఆయన మాట ఆయన నోట్లోంచి వచ్చినట్టే రాశాను. మా వైపు 'లేదు' కాస్తా 'నేదు' అవుతుంది, దాన్ని దిద్ది రాస్తే అది మావయ్య మాట కాదు. గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోదే, మాతో ఈ వాదన పెట్టుకోకండి.

టెక్కలి నుంచి:
గొళ్లెం టిక్కుమన్నా, వైర్లన్నీ సరిగ్గా ఉన్నా రాని బొమ్మ ఒకటుంది. మా తమ్ముడు కొత్త బోర్డు కొని, అందులో పదేళ్ల పైబడిన పాత కార్డు పెట్టాడు. కార్డు మంచిదే, పాత కంప్యూటర్‌లో ఆడుతోంది. స్విచ్ వేయగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్ ఒకటి బోర్డులో ఉంటుంది, పాత రకాన్ని బయోస్ అంటారు, కొత్త రకాన్ని యూఈఎఫ్ఐ అంటారు. ఆ కొత్త బోర్డు యూఈఎఫ్ఐ భాష ఒక్కటే మాట్లాడుతుంది, ఆ కార్డుకి పాత బయోస్ భాష తప్ప రాదు, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మొహాలు చూసుకున్నారు. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు సీఎస్‌ఎం, బయోస్ సెట్టింగుల్లో ఉంటుంది, కొత్త బోర్డుల్లో మామూలుగా ఆపేసి ఉంటుంది. బొమ్మే రానప్పుడు సెట్టింగులోకి వెళ్లడం ఎలా అంటే, ఇంకో కార్డు అరువు తెచ్చుకుని వెళ్లాలి. సీఎస్‌ఎం ఆన్ చేస్తే సెక్యూర్ బూట్ అనే కాపలా ఆపాల్సి వస్తుంది, అది చూసుకోండి.

రాజాం నుంచి:
దుబాసీ 👌 ఎన్నాళ్లయిందో ఆ మాట విని.
నాది చిన్న ముక్క. సెట్టింగులు తారుమారై బొమ్మ రాకపోతే ప్లగ్గు పీకి, బోర్డు మీద బిళ్ల బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పెడితే బయోస్ మొదటికి వస్తుంది. నేను మొదటిసారి దాన్ని తిరగేసి పెట్టాను. ప్లస్ గుర్తున్న వైపు పైకి ఉండాలి. మా షాపులో కుర్రాళ్లు "బొమ్మా బొరుసా" అని ఇప్పటికీ ఏడిపిస్తారు, బొమ్మ కావాలంటే బొరుసు కిందికి పెట్టు అని.

పలాస నుంచి:
ఒక మాట ఎవరూ ఎత్తలేదు. హార్డ్‌వేర్ షాపుల్లో ఇప్పుడు "కార్డు డిస్‌ప్లే ఇవ్వట్లేదు" అంటున్నారు. గమనించారా? బొమ్మ రాలేదు అంటే ఎవరి మీదా నేరం మోపలేదు, దారిలో ఎక్కడైనా ఆగి ఉండొచ్చు. ఇవ్వట్లేదు అనగానే కార్డు దగ్గర ఉండి కూడా దాచుకుంటోందని తీర్పు ఇచ్చేసినట్టే. వెంటనే షాపువాడు "మార్చేద్దాం సార్" అంటాడు. కార్డు మార్చాక కూడా రాకపోతే బోర్డు ఇవ్వట్లేదు అంటాడు. నేను ఇలాగే ఒక మంచి కార్డు సగం ధరకి వదిలేసుకున్నాను, తీరా చూస్తే ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు. బోర్డు అంచున ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి (అన్ని బోర్డులకీ ఉండవు), ఏది వెలిగి ఆగిపోతే అక్కడే పని ఆగినట్టు. నాది ర్యామ్ దగ్గర వెలుగుతూనే ఉంది, నేనే చూడలేదు.
అన్నట్టు మీ మంగళవారం పెళ్లి వీడియో సంగతేమైంది?

మళ్లీ నేను:
ఇవ్వట్లేదు, రాలేదు తేడా అద్భుతంగా పట్టారు. ఇకనుంచి చీటీ మీద నేనే రాసిస్తాను, 'బొమ్మ మొదటి నుంచీ రాలేదు' అని, వాళ్లు నవ్వుకున్నా పర్లేదు.
వీడియో మంగళవారం కాదు, బుధవారం మధ్యాహ్నం ఇచ్చాను. పెళ్లికూతురి తండ్రి ఇంట్లో పెద్ద టీవీకి పెట్టించుకుని, తలంబ్రాల దగ్గర ఆపించి, కూతురి మొహం కాసేపు చూసి, "బొమ్మ బాగా వచ్చిందయ్యా" అన్నాడు. ఈ రావడం మళ్లీ వేరే రావడం. దీన్ని ఏ లెక్కలో వేస్తారో చెప్పండి.