రొయ్యల చెరువుల మీద ఒడిశా కూలీలపై దాడి: వారి భాషలో ఫిర్యాదు ఎలా నమోదు చేయించాలి?

ప్రశ్న (ఉప్పుటేరు గట్టు)

మాది ఉండి, ఆకివీడు మధ్యలో ఒక ఊరు. మా చెరువును ఆనుకుని ఉన్న రొయ్యల చెరువుల మీద ఒడిశాలోని రాయగడ జిల్లా కొండ ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు మేత వేస్తూ, రాత్రంతా ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) చూసుకుంటూ కాపలా ఉంటారు. ఎక్కడో మోటారు పోయిందన్న అనుమానంతో ఇటీవల ఒక రాత్రి ఏడెనిమిది మంది గట్టు మీదికి వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండానే, "ఒడియావాళ్ళంతా దొంగలు, కొండజాతి వాళ్ళను ఊళ్ళో ఉండనివ్వకూడదు" అని కేకలు వేస్తూ ముగ్గురిని కొట్టారు. ఒక కుర్రవాడి మణికట్టు విరిగింది.

స్టేషనులో వారి తరఫున మాట్లాడినవాడు వారిని పనికి తెచ్చిన మేస్త్రి. కుర్రవాళ్ళు చాలాసేపు చెప్పారు. మేస్త్రి మాత్రం, "చిన్న గొడవ సార్, తోసుకున్నారు, రాజీ అయిపోతారు" అన్నాడు. ఒక కాగితం మీద వేలిముద్రలు వేయించుకుని పంపించేశారు. అందులో ఏముందో వారికి ఈ రోజుకీ తెలియదు. నాకు ఒడియా రాదు, నాకు వచ్చిన హిందీ వారికి అంతంతమాత్రంగానే అర్థమవుతుంది. వారు చెప్పింది చెప్పినట్టుగా రాయించడానికి చట్టంలో ఏ దారి ఉందో, భాష తెలిసిన మనిషిని ఏర్పాటు చేయమని అధికారులను అడగవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (భీమవరం కోర్టులో న్యాయవాది)

మేస్త్రి వదిలేసిన విషయాలు ఏవో మొదట గమనించండి: కొట్టినవారి సంఖ్య, వారు వేసిన కేకలు, విరిగిన ఎముక. ఈ కేసు ఏ సెక్షను కింద నిలబడుతుందో తేల్చేవి ఆ మూడే. మామూలు దెబ్బలైతే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 115(2) కింద వస్తాయి, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు వాటిపై దర్యాప్తు చేయలేరు. అదే ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి, బాధితుడి జాతి, కులం, జన్మస్థలం, భాష వంటి కారణంతో తీవ్రంగా గాయపరిస్తే, ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ 117(4) ప్రకారం ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. కాబట్టి కుర్రవాడిని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళి, దెబ్బ ఎలా తగిలిందో చెప్పి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయవలసిన గాయంగా) రాయించండి. ఎక్స్‌రే, గాయాల సర్టిఫికెట్ ఏ భాషలో అడిగినా ఒకే మాట చెబుతాయి.

ఫిర్యాదు తెలుగులోనే ఉండాలన్న నిబంధన లేదు. కష్టం చెప్పుకునే విన్నపాన్ని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకునే హక్కు రాజ్యాంగంలోని 350వ అధికరణ కల్పించింది, శ్రీకాకుళం సరిహద్దులో ఒడియా చాలా ఇళ్ళలో మాట్లాడే భాషే. ఒడియాలో రాయించి, తెలుగు అనువాదం జతచేసి, అనువదించిన వ్యక్తి సంతకం పెట్టించండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 ప్రకారం నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చెప్పినవారికి చదివి వినిపించిన తరువాతే సంతకం తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అర్థం కాని భాషలో చదివితే వినిపించినట్టు కాదని నేను గట్టిగా నమ్ముతాను, మీరు కూడా అక్కడ ఆ మాటే పట్టుబట్టి చెప్పండి. నమోదు చేయకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపవచ్చు, ఆ తరువాత మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళవచ్చు.

ఆ కుర్రవాళ్ళు కొంధ్ తెగవారైతే 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుందని వాదించవచ్చు. ఆ తెగ ఒడిశా షెడ్యూల్డు తెగల జాబితాలోనూ, మన జాబితాలోనూ ఉంది. పైగా ఒక రాష్ట్రంలో గిరిజనుడైన వ్యక్తికి వేరే రాష్ట్రంలోనూ ఈ చట్టం రక్షణ ఉంటుందని బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ 2023లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన కోర్టులు తప్పక పాటించవలసినది కాకపోయినా, వాదనకు బలమైన ఆధారం. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు, దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. చదివి వినిపించడం వంటి విధులను ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని నిర్లక్ష్యం చేస్తే, పరిపాలనా విచారణ సిఫార్సు మీద నాలుగో సెక్షను కింద అతనిపైనే కేసు పెట్టవచ్చు.

సమాధానం 2 (ఇచ్ఛాపురం నుంచి వచ్చి పాలకొల్లులో స్థిరపడినవారు)

మా ఇంట్లో ఒడియా, తెలుగు రెండూ మాట్లాడతాం కనుక ఒక మాట చెప్పాలి. రాయగడ కొండల్లో చాలామందికి ఇంటి భాష కువి (కొంధ్ తెగవారి భాష), ఒడియా బడిలోనో సంతలోనో నేర్చుకున్నదే. ముందు ఆ కుర్రవాళ్ళను ఏ భాషలో చెప్పుకుంటే మనసులోని మాట పూర్తిగా చెప్పగలరో అడగండి. భయంలో ఉన్న మనిషి వచ్చీరాని భాషలో అవును అంటాడు, ఆ అవును కాగితం మీదికి ఎక్కిపోతుంది.

మేస్త్రినీ, చెరువు యజమాని గుమాస్తానూ దూరంగా ఉంచండి. ఆ కుర్రవాళ్ళ కూలి, అడ్వాన్సు లెక్కలు చేతిలో పెట్టుకున్న మనిషి వారి నోరు కాకూడదు. నేను ఒకసారి ఆసుపత్రిలో ఒక ఒడియా ఆవిడకు ఇలా మాట సాయం చేసినప్పుడు, ఆవిడ ఒక వాక్యం చెప్పగానే ఆపి, అది రాసుకున్నాకే తరువాతి వాక్యానికి వెళ్ళాం. ఊతపదాలు, తిట్లు కూడా ఉన్నవి ఉన్నట్టే చెప్పాలి, సిగ్గుపడి మెత్తబరిస్తే జరిగిన నేరమే మారిపోతుంది. మీకు మనిషి దొరకకపోతే ఇక్కడే చెప్పండి, నేను వస్తాను. కువి కావలసి వస్తే పార్వతీపురం వైపు తెలిసినవారి ద్వారా ఫోనులోనైనా మాట్లాడించే ప్రయత్నం చేస్తాను.

సమాధానం 3 (పోలీసు శాఖలో రైటరుగా పనిచేసి విరమించినవారు)

స్టేషనులో ఒడియా వచ్చినవారు ఉండటం అరుదు. రాత్రివేళ ఎవరు ముందుకు వచ్చి మాట్లాడితే వారి మాటే రాసుకునే అలవాటు ఉంది, అది మారాలి. మీరు ఎస్సైని, సీఐని అడగడంతో ఆగకుండా, దుబాసీని ఏర్పాటు చేయమని ఎస్పీ గారి పేర అర్జీ రాసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రశీదు తీసుకోండి. అర్జీ నంబరు ఉన్న కాగితానికి జవాబు రాయవలసి వస్తుంది.

వేలిముద్రలు వేసిన కాగితం గురించి దిగులు పడకండి. ఎముక విరిగిన కేసును స్టేషనులో రాజీ కాగితంతో ముగించే అధికారం ఎవరికీ లేదు. దాని నకలు అడగండి, అందులోని మాటలు తమకు చదివి వినిపించలేదని కొత్త ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి. గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, దానికి 15100కు ఫోను చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదులకు 14566 ఉంది. మళ్ళీ ఎవరైనా గట్టు మీదికి వస్తే వెంటనే 112.

ఉప్పుటేరు గట్టు

అందరికీ కృతజ్ఞతలు. 2017లో గరగపర్రులో దళితులను సాంఘికంగా వెలివేసినప్పుడు, వచ్చిన ప్రతివారికీ వారు తమ కష్టాన్ని తెలుగులో చెప్పుకోగలిగారు. ఈ కుర్రవాళ్ళకు ఆ వీలు కూడా లేదు. మణికట్టు విరిగిన అబ్బాయి ఇక్కడ ఉండలేనని, ఇంటికి పోతానని అంటున్నాడు. వెళ్ళిపోతే కేసు పోయినట్టేనా?

సమాధానం 1 (భీమవరం కోర్టులో న్యాయవాది)

పోదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 173వ సెక్షనులోనే ఉంది, దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ అబ్బాయి రాయగడలో తన భాష తెలిసినవారి ముందు చెప్పుకుంటే, అక్కడ రాసినది ఇక్కడి స్టేషనుకు బదిలీ అవుతుంది. బయలుదేరే ముందు గాయాల సర్టిఫికెట్, ఎక్స్‌రే అతని చేతికి ఇవ్వండి, ఒక్కో నకలు మీ దగ్గర ఉంచుకోండి. మిగిలిన ఇద్దరూ ఇక్కడే ఉంటారు కాబట్టి వారి ఫిర్యాదు దానికోసం ఆపవద్దు. రేపు ఇచ్ఛాపురం వారిని వెంటపెట్టుకుని కోర్టు దగ్గరికి తీసుకురండి, ఒడియా ప్రతి, తెలుగు ప్రతి రెండూ అక్కడే కూర్చుని రాయిద్దాం.