"చెయ్యి చేసుకున్నాడు": ఈ మాటలో దెబ్బ ఎవరికి తగిలినట్టు?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, అనువాదాలు చేస్తుంటాను. ఈ మధ్య నేరశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయికి ప్రశ్నావళి తెలుగు చేసి ఇచ్చాను. ఇళ్లలో జరిగే హింస గురించి ఆడవాళ్లని అడిగే ప్రశ్నలు. అందులో ఒక ప్రశ్న నన్ను నిద్ర పోనివ్వడం లేదు, అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను మొదట రాసిన ప్రశ్న ఇది: "మీ భర్త మీపై ఎప్పుడైనా శారీరక హింసకు పాల్పడ్డారా?" రోజూ పేపర్లో చదివే తెలుగే కదా, తప్పేముంది అనుకున్నాను. ప్రశ్నలు జనం నోట ఎలా పలుకుతాయో చూద్దామని ఆరిలోవలో రెండు రోజులు ఆ అమ్మాయి వెంట నేనూ తిరిగాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒకావిడ గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుకుంటోంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆ ప్రశ్న చదవగానే తల అడ్డంగా ఊపింది. "అలాటియేటీ నేవమ్మా. మంచోడే." అమ్మాయి "లేదు" దగ్గర టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. రేషన్ కార్డు, కుళాయి, పిల్లల బడి అన్నీ అయ్యాయి. మేం లేవబోతుంటే ఆవిడ తనంతట తనే అంది: "తాగొచ్చిన రోజున సెయ్యి సేసుకుంతాడు. అంతే." చేతులు ఆకు తుంచుతూనే ఉన్నాయి. ఎడమ చేతి చిటికెన వేలు కొస దగ్గర పక్కకి ఒరిగి ఉంది. నా చూపు అక్కడ ఆగడం చూసి "అప్పుడిరిగిందే" అంది, గిన్నె ఎప్పుడు సొట్ట పోయిందో చెప్పినట్టు.

కాగితం మీద మాత్రం "లేదు" అని ఉంది. ఆ తప్పు ఆవిడది కాదు, నా తెలుగుది.

అప్పట్నించి ఈ మాట పట్టుకుని కూర్చున్నాను. "చేసుకొను" అన్నప్పుడు మామూలుగా పని చేసినవాడి దగ్గరికే తిరిగి వస్తుంది. వంట చేసుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, అలవాటు చేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు, అన్నం వడ్డించుకున్నాడు కూడా ఆ కోవలోవే. ఎవరి పని వాళ్లది. "చెయ్యి చేసుకున్నాడు" కూడా ఆ అచ్చులోనే పడింది. అతను తన చేతితో తానేదో చేసుకున్నాడు. "కొట్టాడు" అంటే ఎవర్ని అని వెంటనే అడుగుతాం. "చెయ్యి చేసుకున్నాడు" అంటే ఎవరి మీద అని అడగాలని కూడా తోచదు. దెబ్బ తిన్న మనిషి వాక్యంలోంచి తప్పుకుంటుంది. మరీ అడిగితే "నా మీద" అని ఓ మూల వచ్చి నిలబడుతుంది.

అటువైపు చూస్తే "దెబ్బలు తిన్నది" ఉంది. దాంట్లో కొట్టినవాడు మాయం. చీవాట్లు తింటాం, తన్నులు తింటాం, అన్నం తిన్నట్టే. ఇద్దరు మనుషుల మధ్య జరిగినదాన్ని ఈ రెండు మాటలూ చెరో సగం చెప్పి ఊరుకుంటాయి.

ఇది చదువూ డబ్బూ లేనివాళ్ల మాట అని ఎవరైనా అనుకుంటారేమో. అదే వారం ఎంవీపీ కాలనీలో ఓ అపార్టుమెంటులో, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకావిడ, "ఆయనకి కోపం ఎక్కువండీ, మొదట్లో చెయ్యి చేసుకునేవారు" అన్నారు. ఆ "వారు" విన్నారా? గౌరవం కూడా చెయ్యెత్తిన మనిషి వెంటే నడిచి వెళ్లింది.

మీ ఊళ్లలో ఈ మాట ఎలా వాడతారు? దీనికి వేరే మాటలు ఏవైనా ఉన్నాయా? "బాధితురాలు" అన్న మాట మీకెలా అనిపిస్తుంది?

*

వ్యాఖ్య (విజయనగరం నుంచి, తెలుగు మేష్టారు): అమ్మా, మంచి మాట ఎత్తుకున్నారు. "పాల్పడు" అన్న క్రియ ఇంట్లో ఎవరూ వాడరు, అది ఇప్పుడు పోలీసుల ప్రెస్ నోట్‌లోనూ పేపర్లోనూ బతుకుతోంది. "బాధితురాలు" కూడా అంతే. నా మట్టుకు "గురైన" అనడం మేలు. దాడికి గురైన, మోసానికి గురైన. గురి అంటే బాణం వేసేవాడు చూసేది. అందులో ఒకడు గురి పెట్టాడు అన్న సంగతి దాగి ఉంటుంది. "బాధిత"లో బాధ ఒక్కటే ఉంది, పెట్టినవాడు లేడు.

వ్యాఖ్య (గాజువాక): ఇదంతా ఎక్కువ చేసి చెప్పడం. మా అమ్మ మా మీద చెయ్యి చేసుకోలేదా, మా మేష్టార్లు చేసుకోలేదా? అయినా ఒంటి చేత్తో చప్పట్లు మోగవు కదండీ. అవతలి మనిషి కూడా ఏదో అనే ఉంటుంది.

వ్యాఖ్య (న్యాయవాది, విశాఖ): చట్టం మాట చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 115వ సెక్షన్ ఉంది. శరీరానికి నొప్పి కలిగించినా చాలు, రక్తం రానక్కర్లేదు. ఏడాది వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కక్షిదార్లు మాత్రం నా దగ్గరికొచ్చి "కొట్టలేదండీ, చెయ్యి చేసుకున్నాడంతే" అంటారు. ఆ "అంతే"తోటే కేసు సగం పోతుంది.

వ్యాఖ్య (శ్రీకాకుళం): దెబ్బలు తిన్న పిల్లడే రేపు కొట్టేవాడవుతాడు. మా వీధిలో చూస్తూనే ఉన్నాను.

*

అందరికీ ధన్యవాదాలు. వేరువేరుగా కాకుండా ఒకేచోట జవాబు రాస్తున్నాను.

మేష్టారూ, "గురి" నాకు తట్టనే లేదు. పైగా "ఆయన మీద గురి ఉంది" అంటే నమ్మకం ఉంది అని కూడా కదా. ఇంట్లో దెబ్బ తిన్న మనిషికి ఈ రెండు గురులూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. ప్రశ్నావళిలో "బాధితురాలు" ఉన్న చోటల్లా తీసేశాను. మనిషికి పేరు అంటించడం కన్నా జరిగిన పని అడగడమే నయం.

నేరశాస్త్రం కూడా చాలా కష్టపడి ఇక్కడికే వచ్చింది. ముర్రే స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇళ్లలో జరిగే హింసని లెక్కగట్టడానికి 1979లో ఒక కొలమానం ప్రచురించాడు. అందులో హింస అన్న మాట పెట్టి అడగడం ఉండదు. చెంప మీద కొట్టాడా, తోశాడా, తన్నాడా అని ఒక్కో పనీ విడివిడిగా అడుగుతారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 2005-06 నుంచి ఆ దారే పట్టింది. చెయ్యి మెలితిప్పడం, జుట్టు పట్టుకుని లాగడం లాంటివి కలిపి అడుగుతుంది. అమెరికాలో నేర బాధితుల సర్వే 1970ల మొదట్లో మొదలైంది. మొదట్లో ప్రశ్నలు ముక్తసరిగా ఉండేవి. 1992లో వాటిని మార్చి, తెలిసినవాళ్లు, ఇంట్లోవాళ్లు చేసినవి కూడా చెప్పమని గుర్తుచేస్తూ అడిగేసరికి, అంతకుముందు లెక్కలోకి రాని దాడులెన్నో బయటికొచ్చాయి. మనుషులు వాళ్లే, మారింది ప్రశ్న. ఆరిలోవలో నేను చూసింది కూడా అదే.

మన దేశంలో 2019-21 సర్వేలో, పెళ్లయిన ఆడవాళ్లలో (18 నుంచి 49 ఏళ్ల మధ్య) నూటికి 29 మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పారు. అది కూడా ఒక్కో పనీ పేరు పెట్టి అడిగితేనే. హింస ఎదుర్కొన్నవాళ్లలో ఎవరి దగ్గరికైనా సాయానికి వెళ్లినవాళ్లు నూటికి 14 మందే. పోలీసు లెక్కల్లో ఈ మిగతావాళ్లు ఎక్కడుంటారు? అందుకే సర్వే కావాలి, ఆ సర్వేకి మన ఇళ్లలో మాట్లాడే తెలుగు కావాలి.

గాజువాక అన్నయ్య గారికి. మీరన్న చప్పట్ల సామెత నేనూ విన్నాను, ఇంటి పంచాయితీల్లో అది పడగానే మాట అక్కడితో ఆగిపోతుంది. ఇద్దరూ కలబడిన గొడవలు ఉంటాయి, కాదనను. మార్విన్ వుల్ఫ్‌గాంగ్ అనే నేరశాస్త్రవేత్త అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1948 నుంచి 1952 వరకు జరిగిన 588 హత్యల రికార్డులు తిరగేసి, 1958లో పుస్తకం వేశాడు. వాటిలో నూటికి 26 హత్యల్లో, చనిపోయిన మనిషే ముందు బలప్రయోగానికి దిగాడని తేల్చాడు. ఆయన లెక్కపెట్టింది ముందు చెయ్యెత్తింది ఎవరనే. ఎవరు ముందు మాట అన్నారో ఆ లెక్కలోకి రాదు. "ఏదో అనే ఉంటుంది" అన్నది ఆ కొలతలో పట్టదు. నేరానికి గురైన మనిషే దాన్ని రేపి ఉండొచ్చన్న ఆ ఊహని తర్వాత వచ్చిన కొందరు అత్యాచారాలకి కూడా అంటగడితే గట్టి విమర్శలు వచ్చాయి, రావలసిందే. మాటకీ దెబ్బకీ మధ్య ఉన్న దూరాన్ని ఈ సామెత తుడిచేస్తోంది. నాకు బాధ అక్కడే.

మీ అమ్మగారి సంగతి నిజమే, మా అమ్మ కూడా నా మీద చెయ్యి చేసుకుంది. ఆ రోజు నేను పడ్డ భయం నాకు ఇప్పటికీ గుర్తుంది, అమ్మ మీద ప్రేమ తగ్గలేదు, రెండూ ఉన్నాయి. మేష్టార్ల విషయంలో మాత్రం 2009 విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్, పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది.

శ్రీకాకుళం వ్యాఖ్య దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మంచి మనసుతో అన్న ఈ మాట కూడా ఒక్కోసారి గాయం చేస్తుంది. కాథీ విడమ్ అనే పరిశోధకురాలు 1989లో అచ్చేసిన పనిలో, చిన్నప్పుడు దెబ్బలకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మంది పిల్లల్ని తీసుకుని, పెద్దయ్యే దారిలో ఏమయ్యారో చూసింది. బాలలుగా అరెస్టయినవాళ్లు నూటికి 26 మంది. అలాంటి చరిత్ర లేని పిల్లల్లో నూటికి 17. తేడా ఉంది, చిన్నది కాదు. కానీ ఆ మొదటి గుంపులోనే నూటికి 74 మంది ఆ వయసులో అరెస్టు కాలేదు. వీధిలో మనకి కనబడేది కొట్టే కుర్రాడు. పక్కింట్లో దెబ్బలు తిని, ఎవరి జోలికీ పోకుండా పెరిగిన కుర్రాడు కనబడడు. "దెబ్బలు తిన్న పిల్లడే కొట్టేవాడవుతాడు" అన్న మాట ఆ రెండోవాడి చెవిన పడితే ఎలా ఉంటుంది?

ఇంకో మాట, దీనికి చుట్టమే: "దేహశుద్ధి". సెల్‌ఫోన్ కొట్టేసిన కుర్రాణ్ణి కాంప్లెక్స్ దగ్గర జనం చావబాదితే పేపర్లో "స్థానికులు దేహశుద్ధి చేశారు" అని వస్తుంది. దొంగతనంలో వాడు నిందితుడు, ఆ దెబ్బల విషయంలో గురైనవాడు. ఒకే మనిషి, ఒకే సాయంత్రం. నేరం చేసేవాళ్లూ నేరానికి గురయ్యేవాళ్లూ చాలాసార్లు ఒకే మనుషులని నేరశాస్త్రం ఏళ్ల తరబడి చెబుతోంది. "దేహశుద్ధి" అనగానే వాడి ఒంటి మీద దెబ్బలు స్నానం అయిపోతాయి. దీని మీద విడిగా ఇంకో పోస్టు పెడతాను.

ఇక ప్రశ్న ఇలా మార్చాను. ముందు ఒక వాక్యం: "ఇళ్లలో గొడవలు అవుతుంటాయి, కోపంలో కొందరు చెయ్యి చేసుకుంటారు." ఆ మాటతో తలుపు తీశాక, అక్కడే ఆగకుండా ఒక్కొక్కటీ: "ఎప్పుడైనా చెంప మీద కొట్టాడా? తోసేశాడా? చెయ్యి మెలితిప్పాడా? జుట్టు పట్టుకుని లాగాడా? ఎక్కడైనా వాచిందా, విరిగిందా?" అత్తగారో ఇంకెవరో లోపలికి వస్తే అమ్మాయి వెంటనే కుళాయి నీళ్ల పేజీ తిప్పేస్తుంది. దాని కోసం ఆ పేజీ పక్కనే కుట్టించాం.

న్యాయవాది గారూ, మీరన్న "అంతే" గురించి కూడా ఆలోచించాను. ఎవరైనా "అంతే" అంటే అక్కడ టిక్కు పెట్టకుండా, "అంతే అంటే, ఏం చేశాడమ్మా?" అని ఇంకోసారి అడగాలని అమ్మాయి కాగితం అంచున ఎర్ర సిరాతో రాసుకుంది.

వచ్చే వారం భీమిలి వైపు, ఆ తర్వాత పాడేరు వెళ్తున్నారు. అక్కడ ఇదే సంగతిని ఏ మాటతో చెబుతారో తెలిసినవాళ్లు కింద రాయండి. ఒకటో రెండో మాటలు దొరికినా కాగితం ప్రింటుకి వెళ్లేలోపు చేరుస్తాను.